ట్రినిడాడ్‌లో సదస్సా... టీకా వేయించుకున్నారా?

విజయనగరం అధ్యాపకుడికో, శ్రీకాకుళం పరిశోధకురాలికో కరీబియన్‌ దీవి ట్రినిడాడ్‌లో సదస్సుకు పిలుపొస్తే ఇంటిల్లిపాదీ టికెట్ల ధరలు ఆరా తీస్తారు. ముందు చూడాల్సింది టీకా సంగతి! ఎల్లో ఫీవర్‌ ముప్పున్న దేశమది. టీకా పత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేసి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. వేయించుకున్న పది రోజులకు గానీ పత్రం చెల్లదు కాబట్టి ఆఖరి వారంలో పరుగులు పెట్టి లాభం లేదు. విశాఖలోని పోర్టు హెల్త్‌ ఆర్గనైజేషన్‌లో ఈ టీకా వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే ఆ పత్రం జీవితాంతం పనికొస్తుంది.

ఇక వీసా. కొద్దిరోజుల పర్యటనకైతే ట్రినిడాడ్‌ మనవాళ్లను ముందస్తు వీసా అడగదు. హమ్మయ్య అనుకుని చౌకగా ఉందని న్యూయార్క్‌ మీదుగా టికెట్టు కొనేస్తే చిక్కే... అక్కడ విమానం మారడానికీ అమెరికా వీసా ఉండాల్సిందే. దానికి ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందో! ఆహ్వాన లేఖ, తిరుగు టికెట్టు మాత్రం చేతిసంచిలోనే ఉంచుకోవాలి.