గోధుమ సరిపడనివారి పథ్యము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారము వరియన్నము తినువారము. అయినను మధుమేహభీతిచే రాత్రిపూట చపాతీలు తినుట మన యిండ్లయందును పరిపాటియైనది. కావున సీలియాక్ అను వ్యాధిని మనమును ఎఱుఁగవలసియున్నది.

గోధుమ, బార్లీలయందు గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. ఈ వ్యాధి గలవారికి అది చిన్నప్రేగు లోపొరను పాడుచేయును. విరేచనములు, నీరసము, రక్తహీనత కలుగును. 2016లో ప్రకటితమైన పరిశోధనలో ఉత్తరహిందూస్థానమున నూటికొకరికి పైగా, దక్షిణమున వేయింటికొకరికి మాత్రమే యిది కనఁబడెను.

ప్రేగు ఏండ్లతరబడి వాచియున్నచో, బహు అరుదుగా, లింఫోమా యను క్యాన్సరు పుట్టవచ్చును. అయితే 1989లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించినదానినిబట్టి, అయిదేండ్లు ఖండితముగ గ్లూటెన్ విడిచినవారికి క్యాన్సరుభయము ఇతరులకంటె హెచ్చుగా లేదు. ఆ "ఖండితముగ" అనుటయే మనయింట కష్టము!

"చిటికెఁడు ప్రసాదమునకేమి?" అని పెద్దలందురు. వ్రతమునాఁటి రవ్వప్రసాదమైనను ప్రేగునకు గోధుమయే. అట్టి బిడ్డకు అరటిపండో, కొబ్బరిముక్కయో పెట్టినచో సత్యనారాయణస్వామి కోపగించునా? బొంబాయిరవ్వ, సేమియాల మాట సరేసరి. ఇంగువడబ్బాను గూడ చదివి చూడుఁడు, అందు తఱచు మైదా కలుపుదురు. చపాతీ కాల్చిన పెనముమీఁదనే అట్టు పోయరాదు. అన్నమునకు అడ్డులేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి బియ్యము, జొన్నలు, రాగులు, సజ్జలు నిర్భయముగఁ దినవచ్చును.

అనుమానము కలిగినంతనే గోధుమ మానివేయకుఁడు. మానినచో రక్తపరీక్షయందు వ్యాధి బయటపడకపోవచ్చును. గోధుమ తినుచుండఁగనే రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పినచో ప్రేగుముక్కను గూడ తీయించి చూపించుకొనిన పిదపనే పథ్యము మొదలిడవలయును.