మీ ఇంటిపేరేంటమ్మా?

రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి రిటైరైన ఉద్యోగికి మామూలు అద్దె మీద నాలుగు నెలల గడువు ఉంటుంది. పిల్లల చదువో జబ్బో కారణం చూపిస్తే, రెట్టింపు అద్దె మీద ఇంకో నాలుగు నెలలు ఇస్తారు. మా నాన్న రిటైరయ్యాక మొదటి నాలుగు నెలల్లో మూడు ఇల్లు వెతకడానికే సరిపోయాయి. నేను పీహెచ్‌డీ థీసిస్‌లో మూడో అధ్యాయం పక్కన పెట్టి, అమ్మని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని, బిలాస్‌పూర్‌లో తోర్వా నుంచి తార్‌బహార్ దాకా, హేమూనగర్ నుంచి సర్కండా దాకా 'కిరాయే సే దేనా హై' అన్న ప్రతి బోర్డు ముందూ ఆగాను. మొత్తం పంతొమ్మిది ఇళ్ళు. ఫీల్డ్ నోట్స్ రాసుకునే అలవాటు కొద్దీ లెక్క రాసుకున్నాను.

పదకొండో ఇంటి గురించే ముందు చెప్పాలి. ఆ ఇంటివాళ్ళు తెలుగువాళ్ళు. గేటు దగ్గర అమ్మ నాతో ఏదో అంటుంటే లోపల్నుంచి విని, "తెలుగోళ్ళా? రండి రండి" అంటూ పెద్దాయన తనే తలుపు తీశారు. ఆయన కూడా రైల్వేలో చేసి రిటైరైనవారే. కాఫీ వచ్చింది. కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పుడు బెర్తులు దొరకడం లేదన్న మాట వచ్చింది. పార్వతీపురం దాటాక రాయగడ ఘాట్‌లో బండి ఎంత మెల్లగా పోతుందో ఆయనా అమ్మా పోటీపడి చెప్పుకున్నారు. అద్దె ఏడున్నర వేలు, మన తెలుగోళ్ళు కాబట్టి ఏడు వేలు చాలన్నారు. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకోవడానికి డాబా. అమ్మ అప్పటికే మనసులో బీరువా ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది.

అప్పుడడిగారు. "మీ ఇంటిపేరేంటమ్మా?"

అమ్మ చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి "ఊళ్ళో మీ ఇల్లు ఏవైపు?" అన్నారు. ఈ ప్రశ్న హిందీలో ఎవరూ అడగరు. ఎందుకంటే అది భూగోళం ప్రశ్న కాదు. అమ్మ ఊరి పేరు మళ్ళీ చెప్పింది, వైపు చెప్పలేదు. "అది కాదమ్మా, మీరేటోళ్ళు?" అన్నారాయన, గొంతులో ఏ మార్పూ లేకుండానే. నేను చెప్పాను. మాలవాళ్ళమని. కాఫీ అప్పటికే తాగేశాం. సాయంత్రం ఫోన్ వచ్చింది: అల్లుడికి ఇటే ట్రాన్స్‌ఫర్ అయిందట, మేడ మీద వాళ్ళే ఉంటారట. రెండు నెలల తరువాత అటుగా వెళ్తే బోర్డు అక్కడే ఉంది. అల్లుడు ఇంకా రాలేదన్నమాట.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పందొమ్మిదో శతాబ్దం చివర బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు వేసింది. ఆ కంపెనీ లైన్లే తూర్పున ఖరగ్‌పూర్ దాకా, దక్షిణాన మన విజయనగరం, వాల్తేరు దాకా పోయాయి. అందుకే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనుషులు ఈ లైన్ వెంబడే పనికి వచ్చారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమయ్యేనాటికి ఇక్కడ మూడు తరాల తెలుగువాళ్ళున్నారు. మా తాత గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఊళ్ళో కంబారి చేసిన మనిషికి ఇక్కడ సుత్తి, గునపం, నెలజీతం, ఒక నంబరున్న క్వార్టర్ దొరికాయి.

ఆ నంబరు చిన్న విషయం కాదు. క్వార్టర్ అలాట్‌మెంట్‌లో గ్రేడు చూస్తారు, సీనియారిటీ చూస్తారు. పక్కింటివాడు మాకొద్దంటే లిస్టు ఆగదు. మా గోడకి అటువైపు ఒకసారి బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, తరువాత ఒడియావాళ్ళు, ఆ తరువాత సాహూలు ఉన్నారు. వాళ్ళల్లో కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు, నాకు తెలుసు. కానీ మేము అక్కడ ఉండాలా వద్దా అని తేల్చే అధికారం వాళ్ళకి లేదు. రైల్వే కాలనీని నేను స్వర్గం చెయ్యబోవడం లేదు. ఆఫీసర్ల బంగళాలకీ మా లైన్లకీ మధ్య ఉన్న దూరం నాకు గుర్తుంది, చీపురు పట్టే పని ఎవరికి దక్కిందో కూడా గుర్తుంది. అయినా రాజ్యం ఇంటి యజమాని అయినచోట కులానికి ఒక తలుపు మూసుకుంది. నలభై ఏళ్ళు "మీరెవరు?" అంటే మా నాన్న "రైల్వే" అన్నాడు. ఆ జవాబుకి కూడా రిటైర్మెంట్ ఉంటుందని ఇల్లు వెతికేదాకా మాకు తెలియలేదు.

హిందీ మాట్లాడే యజమానుల దగ్గర మా కథ వేరుగా నడిచింది. వాళ్ళు "పూరా నామ్?" అంటారు. మా పేర్లలో వాళ్ళకి ఏమీ దొరకదు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, వెనక శర్మా వర్మా ఉండవు. అందుకని "ఆంధ్రావాలే", "సౌత్‌వాలే" అని ఒక డబ్బాలో వేసి, చేపలు వండుతారా అన్న ప్రశ్నకి దిగుతారు. వండుతామంటే కొందరు అక్కడే ఆపేశారు. ఈ శాకాహారం ప్రశ్న మర్యాదకి వేసిన ముసుగని మన పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. కానీ నిజం చెప్పాలంటే వాళ్ళ అజ్ఞానం మాకు కొన్నాళ్ళు రక్ష. మా కులాన్ని చదవగలిగింది మా భాష వాళ్ళే. ప్రవాసంలో తెలుగుతనం గురించి, 'మనవాళ్ళు' గురించి రాసే వ్యాసాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

మా డిపార్ట్‌మెంట్‌లో నా సతనామీ మిత్రుడికి ఆ కొద్దిపాటి రక్ష కూడా లేదు. ఛత్తీస్‌గఢ్‌లో అతని ఇంటిపేరు ఫోన్‌లోనే పని పూర్తి చేస్తుంది. కోనీలో ఉన్న మా విశ్వవిద్యాలయం పేరు గురు ఘాసీదాస్‌ది. సతనామ్ పంథ్ నిర్మించిన మనిషి పేరు గేటు మీద ఉంది. ఆ గేటుకి కిలోమీటరు దూరంలో ఆయన్ని గురువుగా కొలిచే పిల్లవాడికి గది దొరకదు. వాడు ఇప్పుడు ఇంటిపేరు చెప్పకుండా, మొదటి పేరుకి 'కుమార్' తగిలించి ఫోన్ చేస్తాడు. ఆధార్ కాపీ అడిగే రోజు దాకా అది నడుస్తుంది.

పేరు మార్చి గది తీసుకోవడం అంబేడ్కర్ కూడా చెయ్యాల్సి వచ్చింది. 1917లో కొలంబియా, లండన్ చదువుల తరువాత బరోడా సంస్థానం ఉద్యోగానికి వెళ్తే ఆయనకి ఊళ్ళో ఇల్లు లేదు. పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజు పొద్దున్న కర్రలు పట్టుకుని డజను మంది వచ్చారు. ఇద్దరు స్నేహితులని, ఒక హిందువునీ ఒక క్రైస్తవుడినీ, అడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. రాత్రి బండి వేళయ్యేదాకా పార్కులో కూర్చుని బొంబాయి తిరిగి వెళ్ళిపోయారు. అప్పుడాయనకి ఇరవై ఆరేళ్ళు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మనం అంటరానితనం పాఠంగా చదువుతాం. అద్దె ఇంటి పాఠంగా కూడా చదవాలి. ఆ ఉద్యోగం ఆయన కోల్పోయింది అర్హత లేక కాదు, తల దాచుకునే చోటు లేక.

"నా ఇల్లు, నా ఇష్టం" అనే వాదన సంగతి చూద్దాం. రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల గురించి చెబుతుంది, అద్దె ఇంటి మాట ఎత్తదు. కానీ 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో 'దుకాణం' అనే మాటకి అర్థం అడిగినప్పుడు అంబేడ్కర్ దాన్ని విశాలంగా చెప్పారు: సేవ అందించడానికి సిద్ధపడిన వాడి చోటల్లా అందులోకి వస్తుందని. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ అర్థాన్నే తీసుకుని ప్రైవేటు విద్యాసంస్థలకి వర్తింపజేసింది. గోడకి బోర్డు తగిలించి నెలకింత అని రేటు చెప్పిన మనిషి, ఆ మేడ మేరకు, దుకాణం తెరిచినట్టే కదా? మరోవైపు 2005లో అదే కోర్టు అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ సహకార గృహసంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని తీర్పిచ్చింది. బరోడా సత్రం గుర్తున్నవాళ్ళు ఆ తీర్పుని రెండుసార్లు చదువుతారు.

చట్టం అసలు లేదనడం కూడా పొరపాటు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో ఏ ప్రాంతంలోనైనా నివాసగృహంలో ఉండకుండా అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. పన్నెండో సెక్షన్ ఇంకా బలమైంది: బాధితులు షెడ్యూల్డ్ కులం వాళ్ళయితే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి, కాదని నిరూపించాల్సింది ఎదుటివాడు. ఈ సెక్షన్ పేరు చెప్పి ఏ అల్లుడి ట్రాన్స్‌ఫర్ ఆర్డరైనా చూపించమని ఎవరైనా అడిగారా? నేనూ అడగలేదు.

అడగకపోవడానికి నాకింకో కారణం ఉంది. మాల కులం ఛత్తీస్‌గఢ్ ఎస్సీ జాబితాలో లేదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో, అదీ ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్ళిన కుటుంబం కేసే, సుప్రీంకోర్టు ఒక రాష్ట్రపు ఎస్సీ/ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రంలో ప్రయోజనాలకి వెంట రాదని చెప్పింది. 2023లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణకి ఆ హద్దు లేదని చెప్పడం కొంత ఊరట. కానీ అది ఛత్తీస్‌గఢ్‌లో పోలీస్ స్టేషన్ రైటర్‌కి నేను నేర్పాలి. రాయగడ దాటగానే నా కులం రాజ్యానికి కనిపించదు. తోర్వాలో మేడ మీది గదులకి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

2011 నాటి ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం గానీ, 2021లో కేంద్రం పంపిన నమూనా కౌలుదారీ చట్టం గానీ అద్దె కుదిరిన తరువాత మొదలవుతాయి. అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదని నమూనా చట్టం చెబుతుంది. మంచిదే. మా గొడవ అడ్వాన్సు దాకా రానే లేదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకమైంది. అక్కడ ఒకే ఆదాయం, ఒకే ఉద్యోగం ఉన్న ఇద్దరిని వేర్వేరుగా పంపి యజమానిని పరీక్షించే పద్ధతి కోర్టుల్లో సాక్ష్యంగా నిలబడింది. మన దగ్గర సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాల్లో ఇదే పద్ధతిలో ఫోన్ చేసి, నేరుగా వెళ్ళి చూశారు, 2015లో ఇ.పి.డబ్ల్యులో అచ్చైంది. దళితులకీ, అంతకంటే ఎక్కువగా ముస్లింలకీ తలుపులు ఎలా మూసుకుంటాయో అందులో ఉంది. అది పరిశోధనగానే మిగిలింది, సాక్ష్యం కాలేదు. 2023లో సియాటిల్ నగరం ఇళ్ళ విషయంలో కూడా కుల వివక్షని నిషేధించింది. బిలాస్‌పూర్ మున్సిపల్ కార్పొరేషన్ ఎందుకు చెయ్యకూడదో నాకర్థం కాదు.

విశ్వవిద్యాలయాలు చెయ్యగలిగింది ఇంకా సులభం. హాస్టల్ చాలక బయట ఉండే స్కాలర్లకి గదుల జాబితా ఇవ్వొచ్చు. కులం, మతం, తిండి అడగమని రాసి సంతకం పెట్టిన యజమానుల పేర్లే అందులో ఉండాలి. హాస్టల్ గది కూడా ఎప్పుడు మన చేతిలోంచి జారిపోతుందో 2016 జనవరిలో హైదరాబాద్‌లో చూశాం. రోహిత్, అతని నలుగురు సహచరులు పరుపులు, పుస్తకాలు బయట పెట్టుకుని కూర్చున్న చోటుకి వాళ్ళే వెలివాడ అని పేరు పెట్టారు.

మాకు ఇల్లు పంతొమ్మిదో ప్రయత్నంలో దొరికింది. యజమాని రిటైరైన స్కూల్ మాస్టారు. ఆయన గదిలో బాబాసాహెబ్ ఫోటో, పక్కన గురు ఘాసీదాస్ ఫోటో చూసి అమ్మ నా చెయ్యి నొక్కింది. ఎంతమంది ఉంటారు, నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారు అని రెండే అడిగారు. అద్దెలో మాత్రం నూరు రూపాయలు కూడా తగ్గించలేదు. వచ్చి ఎనిమిది నెలలైంది. బాత్రూం పైకప్పు కారుతోంది, చెప్పిన ప్రతిసారీ చూద్దామంటారు. వానాకాలం ముందు బాగుచేయించకపోతే వచ్చే నెల అద్దెలో కోసుకుంటానని నిన్న గట్టిగానే అన్నాను. ఆయనా గట్టిగానే అన్నారు. ఆదివారం మేస్త్రీని పంపిస్తారట.