సంతకం లేకుండా సరుకు వదలొద్దు

మన పేటల ఆడవాళ్లు అల్లిన లేసు, పట్టిన పచ్చళ్లు ఇవాళ ఫోన్లమీద అమ్ముడవుతున్నాయి. మంచిదే. దళారీ గుమ్మం తొక్కే పని తప్పింది. కాని సరుకు పంపడం వరకే మనవాళ్లు చూస్తున్నారు. చేరిందో లేదో ఎవరు చెప్పాలి? కొన్నాయన "నాకు అందలేదు" అంటాడు. మోసుకెళ్లిన కుర్రాడు "ఇచ్చేశాను" అంటాడు. మధ్యనున్న కంపెనీ అమ్మినావిడ డబ్బు కోసేస్తుంది. సరుకూ పోయె, సొమ్మూ పోయె! అడగబోతే రుజువేదీ అంటారు.

సంతకం విలువ మనకి ఒకరు నేర్పక్కర్లేదు. మన తాతలు ఏం రాసుందో తెలీని కాగితాలమీద వేలిముద్రలేసి ఆసాముల పెట్టెల్లో దాచిపెట్టొచ్చారు. ఆ ముద్ర వాళ్ల చేతిలో ఉండబట్టేగా పొలాలు పోయింది. తర్వాత మనమూ నేర్చుకున్నాం. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చని చట్టంలోనే ఉంది. అప్పుడది సీఆర్‌పీసీ 154(3), 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 173(4). అలా పంపిన ప్రతిసారీ రిజిస్టర్ చేయించి, అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగొచ్చేదాకా పోస్టుమేన్ దారి చూశాం. "మాకేం అందలేదు" అనే నోళ్లని ఆ చిన్న అట్టముక్కే మూయించింది. ఫిర్యాదుకి పనికొచ్చింది లేసుకి పనికిరాదా?

ఆ రిజిస్టర్ పోస్టు 2025 సెప్టెంబరు 1న స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పేరు పోయింది గాని పని పోలేదు. 2025 అక్టోబరు 1న వచ్చిన కొత్త రేట్ల ప్రకారం స్పీడ్ పోస్టు చార్జీ మీద ఐదు రూపాయలు, దానిమీద జీఎస్టీ కడితే రిజిస్ట్రేషన్ చేస్తారు. అప్పుడు అడ్రసులో ఉన్న మనిషికో, ఆ మనిషి ఒప్పుకున్నవాళ్లకో తప్ప ఇవ్వకూడదు. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతికీ మరో ఐదు రూపాయలే. కౌంటరు దగ్గర మనం నోరు తెరిచి అడగాలి. ఓటీపీ కన్నా సంతకమే మేలని మా అభిప్రాయం. పార్సెలు రాకముందే ఫోన్లో అంకెలు చెప్పేసేవాళ్లు బోలెడుమంది.

ఐదు రూపాయలు దండగ అనే అక్కలున్నారు. నరసాపురం లేసు మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ఇంటిపట్టున తీరిక వేళ చేసేదని చెప్పి ఆడవాళ్ల కష్టాన్ని కూలి లెక్కలోకే రానివ్వలేదని అందులో చూపించింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు లేసుకొచ్చింది, మరి అల్లిన చేతులకో? కళ్లు కాయలు కాసేలా అల్లినదాన్ని ఐదు రూపాయలకి వెనకాడి గాలికొదిలేస్తామా? ఆ ఐదూ కూలిలోంచి కాదు, సరుకు ధరలో కలిపి కొన్నాయన దగ్గరే తీసుకోవాలి.

సంతకం డబ్బా చేరిందనే చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. అందుకని మూట కట్టేముందు ఫోటో తీయాలి. బరువు వేసిన రసీదు, దానిమీది 13 అక్షరాల నంబరు జాగ్రత్తగా ఉంచాలి.

మనం కొనేటప్పుడు సంగతేంటి? ఉంగుటూరు మండలంలో గాని, కొల్లేటి లంకల్లో గాని, పేటకి రావాల్సిన పార్సెలు ఊళ్లో కొట్టు దగ్గర పడేసి, మన పేరున ఎవరో గీత గీసేసే పద్ధతి ఒప్పుకోవద్దు. బండి ఊరిదాకా వచ్చి పేటదాకా రాలేదా? గుమ్మం దగ్గరికి రమ్మనండి, మీ చేత్తో మీరే సంతకం పెట్టండి. సంఘం పిల్లలు ప్రతి పేటలో ఒక నోటుబుక్కు తెరిచి పంపిన తేదీ, నంబరు, అందుకున్నవారి పేరు ఈ పక్షం నుంచే రాయడం మొదలెట్టాలి.