రొయ్యల వెనక అడ్వాన్సు

ఆదివారం ఏలూరు మార్కెట్లో రొయ్యలు కొనేటప్పుడు ధర అడుగుతాం, తాజావో కాదో చూస్తాం. వాటిని పెంచినవాళ్ల, వలిచినవాళ్ల సంగతి ఎవరం అడుగుతాం? మన రాష్ట్రంలోని రొయ్యల పరిశ్రమ గురించి అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. చాలీచాలని కూలి, అప్పుతో కట్టిపడేసే పని అందులో ఉన్నాయి.

కొల్లేరు చెరువుగట్టున పాకలో కాపలా ఉండే కుటుంబమైనా, షెడ్డులో రొయ్యలు వలిచే ఆడకూతురైనా అడ్వాన్సు తీరేదాకా కదలకూడదంటే అది వెట్టిచాకిరే. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ తీర్చక్కర్లేదు. వసూలు చేసినవారికి మూడేళ్ల దాకా జైలు. కలెక్టరుకో, ఆర్డీవోకో చెప్పుకోవచ్చు.

చెరువు మీద మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే, ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వేయండి.