అటక మీది సీపీయూలో మా మామ్మ

తాడేపల్లిగూడెంలో పెదనాన్న వాళ్లింట్లో అటక మీద ఒక సీపీయూ ఉంది. 1999లో కొన్న అసెంబుల్డ్ పీసీ. 64 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. ఇప్పుడు మన ఫోన్లో ఒక్క పెద్ద గేమ్‌కి కూడా చాలదు. కానీ అప్పట్లో ముందు గదిలో దీంతోనే పెదనాన్న డీటీపీ చేసేవారు. శుభలేఖలు, గుడి కరపత్రాలు, దినం కార్డులు అన్నీ ఇందులోంచే.

మొన్న సంక్రాంతికి వెళ్తే అడిగారు: "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరేగా, దీన్ని ఓసారి చూడు. మామ్మ చెప్పినవన్నీ ఇందులోనే టైపు చేశాను."

మామ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆవిడ పుట్టిల్లు కైకలూరు దగ్గర. కొల్లేరు గురించి ఆవిడ చెప్పినవి ఇంకెక్కడా లేవు. ప్రింటు తీసిన కాగితాలు చెదలు తినేశాయి.

ఏలూరులో ఒక షాపులో చూపిస్తే "పాత సామానుకి వేసేయండి" అన్నారు. నేను కోడ్ రాస్తాను గానీ స్క్రూడ్రైవర్ పట్టింది తక్కువ. అయినా పట్టాను.

మొదటి పాఠం: ఏళ్ల తరబడి పడుకున్న కంప్యూటర్‌కి ఆత్రంగా కరెంటు ఇవ్వకూడదు. మూత తీస్తే దుమ్ము, బల్లి గుడ్లు. మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్లు నెత్తి ఉబ్బి ఉన్నాయి. ప్రాసెసర్‌కి వెళ్లే కరెంటు ఎగుడుదిగుడు లేకుండా చూసేవి అవే. అదే విలువ ఉన్నవి తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని, టీవీ మెకానిక్ చేత టంకం పెట్టించాను. ర్యామ్ కాళ్లు పెన్సిల్ రబ్బరుతో తుడిచాను. తేదీ, సెట్టింగులు గుర్తుంచుకునే సీఆర్2032 బటన్ సెల్ మార్చాను. పవర్ సప్లై మాత్రం విప్పలేదు, వేరేది పెట్టేశాను. మీరూ విప్పకండి. ప్లగ్ తీసినా లోపల షాక్ కొట్టేంత చార్జ్ ఉండొచ్చు.

రెండో పాఠం: అప్‌గ్రేడ్ కన్నా ముందు కాపీ. అరిగిపోయిన డిస్కు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. అందుకే దాన్ని బయటికి తీసి, ఐడీఈ అడాప్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, మొత్తం డిస్కుని ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకున్నాను. కొన్ని సెక్టార్లు ఎంతకీ రాలేదు. గుండె జారిపోయింది.

మామ్మవి మూడు ఫైళ్లు. రెండు దొరికాయి. లోపలున్న అక్షరాలు బయటికి తీసి చూస్తే అన్నీ ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం! యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అంతకుముందు డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి పని నడిపించేవి. ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, ప్రింటర్ పోర్టుకి తగిలించే లాకు, అన్నీ కలిసి పనిచేసేది ఈ డబ్బాలోనే. అంటే దీన్ని బతికించాల్సిందే.

అప్పుడు అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. పాత డిస్కుకి రిటైర్‌మెంట్ ఇచ్చి, దాని స్థానంలో అడాప్టర్‌తో 16 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టి, ఇమేజ్ దాన్లోకి ఎక్కించాను. ఆ కాలపు బయోస్‌లు చాలావరకు 32 జీబీ దాటితే తడబడతాయి, అందుకే చిన్న కార్డు. ర్యామ్ 256 ఎంబీ చేశాను. ఇంకా పెంచుదామనిపించింది గానీ 512 దాటితే విండోస్ 98 మొరాయిస్తుంది.

స్విచ్ వేశాం. ఫైలు తెరుచుకుంది, తెలుగులోనే. ఫాల్గుణ మాసంలో పడవెక్కి కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లిన సంగతి. పెదనాన్న పైకి చదివారు. రెండో పేజీకి గొంతు పట్టేసింది.

"మూడో దాంట్లో ఏముంది పెదనాన్నా?"

"పాటలు రా. పడవలో పాడేవాళ్లట."

అవి పోయాయి. ఏ అప్‌గ్రేడూ వాటిని వెనక్కి తేలేదు. మీ ఇంట్లో పాత సీపీయూ ఉంటే పాత సామానుకి వేసేముందు హార్డ్ డిస్క్ తీసి దాచండి. అందులో ఏముందో ఇంట్లో పెద్దవాళ్లని ఇవాళే అడగండి.

పెదనాన్నకి ఒక పాటలో రెండు చరణాలు గుర్తున్నాయట. ఫోన్ తీసి రికార్డ్ నొక్కాను.