అంగడి మూస్తే చాలునా?

సారా వేలం పాటలు ఆపించిన ఘనత మన ఆడవాళ్లది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లి నాలుగక్షరాలు నేర్చుకున్న అమ్మలు, రోశమ్మ లాంటి వాళ్లు ముందు నిలబడితే, ఆ సెగ రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ పోయింది. పక్క రాష్ట్రాల నుంచి వచ్చే సీసాలు, నాటుసారా బట్టీలు ఆ రెండేళ్లూ ఎవరిని బాగుచేశాయో మనకు తెలుసు.

ఇప్పుడు ఆ పాత కథ ఎందుకంటారా? మా మైదుకూరు నాలుగు రోడ్ల ఊరు. కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు ఎటు పోవాలన్నా ఇక్కడ బస్సు మారాల్సిందే. ఆడవాళ్లు నలుగురు కూడిన చోట ఒకటే మాట వింటుంటాను. పసుపు తవ్వే కూలికి పోయే ఒకావిడ మొన్న నాతో అంది: "ఆ బెల్టుషాపు మూపీండక్కా, ఆయప్ప అంతట ఆయప్పే దావకొస్తాడు!"

బెల్టుషాపు మూయించాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. అమ్మేవాడి మీద కేసు పెట్టడం పోలీసుల పని, ఆ పని గట్టిగా చెయ్యమనే అడుగుదాం. కానీ "అంతట ఆయప్పే దావకొస్తాడు" అన్న చోటే నాకు భయం.

పదేళ్లుగా పొద్దున లేచింది మొదలు తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే ఏమవుతుందో మన ఇళ్లల్లో చాలామంది చూసే ఉంటారు. చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. నిద్ర ఉండదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. మరికొందరు మూడో రోజుకు గోడ మీద లేని పురుగుల్ని చూపిస్తారు, ఎవరో చంపడానికొస్తున్నారని కేకలు పెడతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం. అది గాలీ కాదు, నటనా కాదు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోయే జబ్బు. డాక్టరు దగ్గర కొన్ని రోజులు మాత్రలు, బి-1 విటమిను ఇచ్చి కనిపెట్టుకుని ఉంటే చాలావరకు గట్టెక్కే జబ్బు కూడా.

2020 చూశాం కదా! మార్చిలో లాక్‌డౌను పెట్టి దుకాణాలన్నీ ఒక్క రోజులో మూసేసరికి హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రికి వణికే మనుషుల్ని పట్టుకుని ఇంటివాళ్లు పరుగెత్తారు. మేలో దుకాణాలు తెరిచారు గానీ మన రాష్ట్రంలో ధర 75 శాతం పెంచారు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నారు. కొందరికి తగ్గే ఉంటుంది. మానలేని వాడు మాత్రం అంతకన్నా చవకైన దాన్ని వెతుక్కున్నాడు. ఆ జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లోనే మన జిల్లా పెండ్లిమర్రి మండలంలోనూ అదే తాగి ప్రాణాలు పోయాయి. మళ్లీ 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలొచ్చాయి, 99 రూపాయల క్వార్టరొచ్చింది. దుకాణం ప్రభుత్వానిదా ప్రైవేటుదా, ధర ఎంత, ఇదే గొడవ. మానిపించే వైద్యం ఏ ఊళ్లో దొరుకుతుందని అడిగిన నాయకుణ్ణి నేను చూడలేదు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని 2019లో కేంద్ర ప్రభుత్వ సర్వేనే చెప్పింది.

ఆ వైద్యం దొరక్కనే కదా మనవాళ్లు గోడల మీది ప్రకటనలు నమ్మేది! "ఆయనకు తెలియకుండా అన్నంలో కలపండి" అంటారు. దయచేసి కలపకండి. తాగితే వాంతులు తెప్పించే మాత్ర ఒకటుంది, డాక్టర్లూ ఇస్తారు, కానీ మనిషికి చెప్పి, పరీక్షలు చేసి ఇస్తారు. తెలియక దాని మీద మందు తాగితే బి.పి. పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు నేరం ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించండి.

ఇక గంజాయి. కాలేజీ పిల్లల తల్లులు ఈ మాట గొంతు తగ్గించి చెబుతున్నారు. 2024 నవంబరులో రాష్ట్రం ఈగల్ దళాన్ని పెట్టింది, 1972 నంబరిచ్చింది. అమ్మేవాళ్ల సంగతి దానికి చెప్పండి. మరి పిల్లవాడి జేబులో పొట్లం చూసిన తల్లి? పోలీసులకు చెబితే కొడుకు జైలుకు పోతాడేమోనని నోరు నొక్కుకుంటుంది. ఆస్పత్రికి తీసుకుపోయినా కేసవుతుందేమోనని భయం. ఆమెకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 1985 మాదకద్రవ్యాల చట్టంలోనే 64-ఎ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసు పడ్డ మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చేరి వైద్యం పూర్తి చేసుకుంటే ఆ నేరానికి విచారణ ఉండదు. మధ్యలో వదిలేసి వస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం కేసులకు ఇది వర్తించదు. వాడేవాడికి ఒక తలుపు తెరిచి ఉంచమని చట్టమే చెప్పింది. స్టేషన్ల బయట అతికించే పోస్టర్లలో శిక్షలే కనిపిస్తాయి గానీ ఈ తలుపు సంగతి నాకెక్కడా కనిపించలేదు.

పోర్చుగల్ దేశం 2001లో వాడేవాళ్లను కోర్టుకు కాక, సలహా చెప్పి వైద్యానికి పంపే సంఘాల ముందుకు పంపడం మొదలుపెట్టింది. అమ్మేవాళ్లకు జైలు అలాగే ఉంచింది. మనం అంత దూరం పోకపోయినా, మన చట్టంలో ఉన్నదాన్ని వాడుకోవచ్చు కదా?

మానాలనుకునేవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు 14446 అనే ఉచిత ఫోను నంబరుంది, క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. రోజూ తాగే మనిషిని "రేపట్నుంచి మానేయ్" అని గదిలో పెట్టి గొళ్లెం వేయకండి, ముందు డాక్టరుకు చూపించండి. ఈసారి బెల్టుషాపు మీద కలెక్టరుకు అర్జీ రాసేటప్పుడు ఇంకో మాట కూడా కలపండి: పట్టణాల ప్రభుత్వాస్పత్రుల్లో మందు మానిపించే డాక్టరు వారానికి ఒక రోజైనా కూర్చోవాలని, ఆ రోజేదో గేటు మీద రాయాలని.