దొంగకి నాలుగు రూల్సు చాలు

పోయిన సంక్రాంతి సెలవులకి మా అబ్బాయి హాస్టల్ నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పేకముక్కలుండవు, గవ్వలుండవు. ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లం అందులో పాత్రలమైపోయి "నేనిలా చేస్తా" అని చెప్పాలి. అనుమానం వచ్చినచోట పాచిక వెయ్యాలి. వాడు తెచ్చినవి 1981 నాటి పాత రూల్సు. మావారు యోధుడు, అమ్మాయి మంత్రగత్తె. నాకు మిగిలింది దొంగ పాత్ర!

దొంగకి ఒక పట్టీ ఉంది. మొదటి మెట్టులో నిట్రగోడ ఎక్కడానికి నూటికి 87 పాళ్లు అవకాశం. తాళం తియ్యడానికి 15, ఉచ్చు కనిపెట్టడానికి 10, నీడలో నక్కడానికి 10. అంటే తాళాలు తియ్యడానికే పుట్టిన మనిషి నూటికి 85 సార్లు తెల్లమొహం వెయ్యాలన్నమాట.

అంతకంటే నన్ను గుచ్చింది ఇంకోటి. తలుపు కనబడగానే ఇద్దరూ చేతులు కట్టుకుని "తాళమా? అది అమ్మ పని" అన్నారు. ఈ మాట కొత్తదా నాకు? కిందటేడు మా అమ్మకి ఒంట్లో బాగాలేక పదిరోజులు పుట్టింటికెళితే, అన్నం వండటం వచ్చిన ఈ ఇద్దరే హోటల్ ఇడ్లీలతో గడిపారు. చేతకాక కాదు. ఆ పని నా పేరున రాసుంది కాబట్టి.

1974లో ఈ ఆట పుట్టినప్పుడు యోధుడు, మంత్రగాడు, పూజారి మాత్రమే ఉండేవారట. దొంగ 1975లో గ్రేహాక్ అనే అనుబంధంలో వచ్చాడు. ఒకరి పేరున పట్టీ రాశాక, మిగతావాళ్లకి అది తమ పని కాదనిపించడం సహజమే కదా.

అందుకే ఆ పట్టీ పక్కన పెట్టి నాలుగు రూల్సు చెప్పాను. ఒకటి, వెతకడం, నక్కడం, చెవి ఒగ్గి వినడం ఎవరైనా చెయ్యొచ్చు. రెండు, ఎలా చేస్తారో సబబుగా చెబితే పాచికే అక్కర్లేదు. మూడు, తొందరో ప్రమాదమో ఉంటేనే ఆరు ముఖాల పాచిక. మిగతావాళ్లకి 1 పడితేనే పని అవుతుంది, దొంగకి 1, 2, 3 ఏది పడినా అవుతుంది. నాలుగు, పాచిక తప్పితే పని పోదు, చప్పుడో ఆలస్యమో అవుతుంది.

రెండో రూలు నాకు మృచ్ఛకటికం నేర్పింది. చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తూ శర్విలకుడు కొలతాడు మరిచిపోతాడు. మరేం చేశాడు? జంధ్యంతో కొలిచాడు! దొంగతనంలో అసలు విద్య అదే, సమయానికి తట్టడం. దాన్ని నూటికి ఇంత అని ఎలా లెక్కగడతాం?

"మరి దొంగ గొప్పేముంది?" అన్నాడు మావాడు. అన్నం అందరూ వండొచ్చు నాన్నా, ఆవకాయకి మాత్రం చెయ్యి కుదరాలి అన్నాను. మిగతావాళ్లని కూర్చోబెడితే వచ్చేది గొప్ప కాదు, చాకిరీ.

మర్నాడు ఆటలో, తలుపు కిర్రుమనకుండా బందులకి దీపంలో నూనె పోస్తానంది మా అమ్మాయి. పాచిక లేకుండానే తలుపు తెరుచుకుంది.

మీ ఇంట్లో మీ పేరున రాసిన పట్టీలో ఏమేం ఉన్నాయో ఒకసారి చూసుకోండి.